మిల్లు చప్పుడు మీద నడిచిన పడవ

"అమ్మమ్మా, నువ్వు బందరు కాలవలో పడవ నడిపావంట కదా. తాతయ్యని అడిగితే నవ్వి ఊరుకుంటున్నారు. నిజమేనా?"

ఎవరు చెప్పారే నీకు? మీ పిన్నా? దాని కడుపులో మాట ఒక్క పూట నిలవదు. నడిపాను. నడపకేం? మూడు రోజులు... ఆగు, మూడు కాదు, రెండు రోజులూ ఒక పూట. ఏవండీ, అంతే కదా? చూశావా, అరుగు మీద మంచమేసుకుని వింటూనే ఉన్నారు, పలకరు. నా మాటలు పట్టే ఆ డబ్బా తిరుగుతోందా? ఎర్ర లైటు వెలిగితే తిరుగుతున్నట్టా? సరే, ఆ ఫ్యాను కాస్త తగ్గించు. లేకపోతే నా మాట కంటే దాని గోలే ఎక్కువ పడుతుంది అందులో.

మన గుమ్మం దిగి నాలుగడుగులేస్తే కాలవ రేవు కదా, నువ్వు కాళ్ళు కడుక్కునే ఆ మెట్లే, అక్కడే ఉండేది పడవ. మీ తాతయ్య వాళ్ళు మూడు తరాలుగా పడవల వాళ్ళు. మూడొందల బస్తాల గూటిపడవ మాది. గూడంటే వెనకాల తాటాకు కప్పు ఉంటుంది చూడు, దాని కింద వంటా, పడకా. నేను కాపరానికొచ్చేసరికి మన రేవులోనే ఆరు పడవలు. బియ్యం, ఇటికలు, వరిగడ్డి, ఆఖరికి పెళ్ళివారు కూడా పడవ మీదే. నా పెళ్ళికి మా వాళ్ళు పడవలోనే వచ్చారు, మా మేనత్త దిగుతూ రేవులో జారి పట్టుచీర తడిపేసుకుంది. పాపం ఆ చీర నలభై రూపాయలు ఆ రోజుల్లో, బతికున్నన్నాళ్ళూ చెప్పుకుంది. ఏం చెప్తున్నాను? ఆ, లారీలొచ్చాయి. ఒక్కో పడవా పోయింది. మాదొక్కటి మిగిలింది, అదీ ఊరికే కట్టేసి.

ఒక సంగతి ముందే చెప్పాలి నీకు, లేకపోతే మిగతాదంతా చప్పగా ఉంటుంది. ఏటా తారు పూశాక పడవ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టేది నేను. ఆ పనికి ఆడది కావాలి. చుక్కాని కర్ర మీద మాత్రం ఆడదాని చెయ్యి పడకూడదు. మా అత్తగారి కట్టడి అది. కొత్తలో ఒకసారి గూడు ఊడ్చుదామని ఎక్కి, నడుం నొప్పెట్టి ఆ కర్రకి ఆనుకుని నిలబడ్డాను. అంతే, పడవంతా పసుపు నీళ్ళతో కడిగించింది. ఎవరి చేత? నా చేతే!

ఇదంతా మీ పిన్ని పెళ్ళయిన మరుసటేడు. నువ్వప్పుడు ఒకటో తరగతి. బందరు అవతల మీ తులసి అమ్మమ్మ ఉందిగా, మీ తాతయ్య చెల్లెలు, వాళ్ళబ్బాయి శ్రీను ఏటి అవతల రొయ్యల చెరువులు వేశాడు. రోడ్డు లేదు. మేత బస్తాలు దాటించాలంటే పడవ కావాలి. అన్నయ్యా, నీ పడవ ఊరికే ఉందిగా అని తులసి అడిగింది. ఈ ఎండాకాలం తెచ్చి నీ రేవులో కడతానని ఈయన మాటిచ్చేశారు. ఇటు గుడివాడ నుంచి ఒక కలప డిపో ఆయన రెండుసార్లొచ్చి పలకల మీద కొట్టి చూసి వెళ్ళాడు. టేకు, మంచి టేకు అంటాడు. వాడు అట్లా కొడుతుంటే మీ తాతయ్య మొహం చూడాలి. ఎవరో తన డొక్కలో పొడిచినట్టు.

చిక్కేంటంటే ఎండాకాలం కాలవలు కట్టేస్తారుగా. దాళ్వా, అదే రెండో పంట, కోతలయ్యాక చుక్క ఉండదు. మంచినీళ్ళ చెరువులు నింపుకోడానికని మధ్యలో ఒక్కసారి వదులుతారు. ఆ ఏడు పది రోజులన్నారు. ఆ పది రోజుల్లో పడవ బందరు చేరాలి. చేరకపోతే నీళ్ళెక్కడ తీస్తే అక్కడే బురదలో కూర్చుంటుంది. రోహిణి ఎండకి పలకలు నెర్రెలిచ్చి విచ్చుకుంటాయి. ఇంక దాన్ని పడవనరు, కట్టెలంటారు. ఆ డిపో ఆయన లారీ వేసుకుని వస్తాడు, మోసుకుపోతాడు. తెలిసిందా? అదీ సంగతి.

నేనూ వస్తానన్నాను. ఎందుకే అన్నారు. నలభై ఏళ్ళు బియ్యమూ, ఆవకాయా మూటగట్టి పంపాను, మీరెళ్ళే దారి ఎట్లా ఉంటుందో నేను చూడలేదు, పోయే ముందు ఒక్కసారి చూపించండి అన్నాను. పోయేది పడవా, నువ్వా అన్నారు. ఎవరైతే ఏం, ఎక్కించుకోండి అన్నాను. మూడో రోజు పొద్దున్నే, చాపా దిండూ కూడా పెట్టుకో అన్నారు. మా అత్తగారు పోయి అప్పటికి పన్నెండేళ్ళు. అయినా పడవెక్కుతూ వెనక్కి తిరిగి చూశాను, ఎక్కణ్ణించైనా అరుస్తుందేమోనని.

మాతో కోటయ్య. ఈయన దగ్గరే ముప్పై ఏళ్ళు గడేసిన మనిషి. ముందు నిలబడి వెదురు గడతో తొయ్యడం ఆయన పని, వెనక చుక్కాని మీ తాతయ్యది.

అబ్బ, ఏం ప్రయాణమే అది! బస్సులో వెళ్తే గంటన్నర దారి. పక్కనే రోడ్డు, బందరు బస్సులు బుర్రున పోతున్నాయి, కిటికీల్లోంచి జనం మమ్మల్ని వింతగా చూస్తున్నారు. నాకేమో వాళ్ళని చూస్తే జాలేసింది. కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది, మనం దాని పక్కనుంచి పోయినా ఎగరదు, అంత నెమ్మదిగా పోతున్నాం. రేవుల్లో బట్టలుతికే ఆడవాళ్ళు చెయ్యి ఆపి చూసేవాళ్ళు. ఏ ఊరమ్మా, ఎక్కడికి? అని కేకేస్తారు. నేను జవాబు చెప్పేలోపు దాటిపోయేది లేదు. ఇంటి సంగతులన్నీ చెప్పుకునేంత టైముండేది. తాటిముంజలు రూపాయికి ఆరు, గట్టు మీంచే అందించారు. మధ్యాహ్నం ఏ చెట్టునీడనో కట్టేసి పప్పూ అన్నం తిని, నీళ్ళు పలకలకి తగిలే చప్పుడు వింటూ నడుం వాల్చడం. నా జన్మలో మధ్యాహ్నం నిద్రంటే అదే మొదలు.

ఒక్క ఈ కోటయ్య నోరే మూతపడేది కాదు. "అన్నా, ఎడం వైపు తుమ్మ కొమ్మ వంగింది. అన్నా, గేదెలు దిగినయ్యి. అన్నా, వంతెన కింద కుడి కానాలోంచి దారి బాగుంది. అన్నా, అదుగో మన రామయ్య బావ, చెయ్యి ఊపుతున్నాడు." అప్పుడు ఈయన చెయ్యెత్తేవారు. ఏవయ్యా కోటయ్యా, కాసేపు ఊరుకోవా, కొంగలు బెదురుతున్నాయి అన్నాను. "నాది పెద్ద నోరు వదినా, ఏం చెయ్యను" అని నవ్వాడు. ఎంత మంచివాడో చూడు. అప్పుడు నాకు తెలీలేదు. ఈయన కూరగిన్నె అనుకుని మజ్జిగలో చెయ్యి పెట్టినప్పుడు కూడా తెలీలేదు. పరధ్యానం అనుకున్నాను.

పామర్రు దాటాక గట్టు మీద ఎవరో మోపెడ్ ఆపి కేకేశారు. కోటయ్య కూతురు నొప్పులు పడుతోంది, వెంటనే రమ్మన్నారని. ఆయన గడ కింద పెట్టాడు. ఈయన కేసి చూశాడు, నాకేసి చూశాడు. దిగడే. "వెళ్ళరా, నేను చూసుకుంటాను" అన్నారు ఈయన. అప్పుడు కోటయ్య నా దగ్గరకొచ్చి మెల్లగా, "వదినా, నువ్వెళ్ళి ముందు కూర్చో. ఏం కనపడితే అది అన్నకి చెప్తా ఉండు, ఊరికే" అన్నాడు. నీలాగా వాగడం నాకు చేతకాదులే, ముందెళ్ళి పిల్ల సంగతి చూడు అన్నాను. చూశావా నా తెలివి? మనిషి అరచేతిలో పెట్టినట్టు చెప్పాడు. నేను గూట్లోకెళ్ళి పప్పులోకి మామిడికాయ తరుగుతూ కూర్చున్నాను.

పడవ దానంతటది నీటివాలుకి పోతోంది. మధ్యాహ్నం మూడైందేమో. తరుగుతూ తలెత్తితే ఎదురుగా కాలవ రెండుగా చీలుతోంది. కుడి చేతి పాయ లాకులోకి. లాకంటే పడవల్ని పై నీళ్ళలోంచి కింది నీళ్ళలోకి దించే తొట్టి లాంటిది, రెండు వైపులా తలుపులు. ఎడం చేతి పాయ షట్టర్ల కిందికి, అక్కడ నీళ్ళు నిలువెత్తున పడతాయి. మన పడవ తిన్నగా ఎడం పాయకే పోతోంది. ఏదో ఒడుపులే, ఇప్పుడు తిప్పుతారులే అనుకున్నాను. తిప్పరే! వెనక్కి చూస్తే కర్ర మీద చెయ్యేసి హాయిగా కూర్చుని ఉన్నారు, ఏదో వింటున్నట్టు తల వంచి.

ఏవండీ, షట్టర్లు! అన్నాను.

"ఇంకా మిల్లు రాలేదుగా" అన్నారు.

ఏ మిల్లు? అన్నాను.

"ఎడం గట్టున బియ్యం మిల్లే. ఇంజను చప్పుడు వినపడగానే తిప్పుతాను."

మిల్లు దాటి ఎంతసేపైంది! దాని రేకుల షెడ్డు నా కళ్ళ ముందే పోయింది. అప్పుడు, చెప్పొద్దూ, తరుగుతున్న మామిడికాయ అక్కడే వదిలేసి లేచాను. ఏవయ్యా, నీకు కళ్ళు కనపడ్డం లేదా! అని అరిచాను. ఏవయ్యా అన్నాను. నీకు అన్నాను. నలభై ఏళ్ళలో అదే మొదటిసారి.

జరిగిందేంటో తర్వాత తెలిసింది. ఆ మిల్లుకి డీజిల్ ఇంజను తీసేసి కరెంటు మోటారు పెట్టారు. ఆ మోటారైనా ఎంతో కొంత రొద చేసేదే. ఆ టైముకి కరెంటు పోయింది. ఏంటండీ? మంచం మీంచి ఏదో అంటున్నారు చూడు. "నా తప్పు కాదు, కరెంటు తప్పు" అంటున్నారు. అవునులెండి, కరెంటోళ్ళు మిమ్మల్ని అడిగి తియ్యాలి!

ఈయన లేచి నిలబడ్డారు. కంగారులేదు, అరుపు లేదు. "నాంచారూ, వచ్చి కర్ర పట్టుకో. నేను ముందుకెళ్ళి గడేస్తాను. అడుగు నా చేతికి తెలుస్తుంది, దారి నీ కంటికి తెలుస్తుంది" అన్నారు. నేను ఆ కర్ర కేసి చూశాను. నమ్ముతావో లేదో, పడవ షట్టర్ల మీదికి పోతుంటే నాకు మా అత్తగారు గుర్తొచ్చింది, పసుపు నీళ్ళు గుర్తొచ్చాయి. ఆయనకి తెలిసిపోయిందేమో, "అమ్మ లేదే, పట్టుకో" అన్నారు.

పట్టుకున్నాను. కుడికి పోవాలి కదా అని కుడికి తోశాను. పడవ ఇంకా ఎడమకి తిరిగింది! ఆ కర్ర సంగతి అంతేనంట, మనం ఎటు పోవాలో దానికి అవతలి వైపుకి తొయ్యాలంట. ఎవరు చెప్పారు నాకు? "అటు కాదే, ఇటు!" అని ఈయన, "ఇటంటే ఎటు, నాకు మీరు కనపడుతున్నారు, మీకు నేను కనపడట్లేదుగా!" అని నేను. ఆ గోలలో పడవెళ్ళి గుర్రపుడెక్కలో దూరింది. షట్టర్ల ముందు ఆ డెక్కంతా చాపలాగా పేరుకుపోయి ఉంది. ఏటా దాన్ని తిట్టని మనిషి ఉండడు. ఆ రోజు మటుకు మెత్తగా పట్టుకుని ఆపింది. షట్టరు పది బారల దూరంలో ఉంది. ఆ నీళ్ళ హోరు నా అరికాళ్ళకి తెలిసింది.

గట్టు మీంచి లస్కరు పరిగెత్తుకొచ్చాడు. లాకు తలుపులు తీసే ఆయనే లస్కరు. తాడు విసిరాడు, ఈయన గడేసి వెనక్కి నెట్టుకొచ్చి, మొత్తానికి పాయల మొదటికి చేరాం. లస్కరుకి ఒళ్ళు మండిపోతోంది. "ఏం పెద్దాయనా, ఇన్నేళ్ళ కాలవ నీకు కొత్తా? చుక్కాని దగ్గర ఎవరున్నారసలు?"

ఇక్కడ ఆగవే ఒక్క నిమిషం. మంచినీళ్ళివ్వు.

ఆ. ఎవరున్నారు అని అడిగాడా. చూడు, ఈయన కోటయ్య ఉన్నాడని చెప్పొచ్చు. తనే ఉన్నాననీ, కునుకు పట్టిందనీ చెప్పొచ్చు. పడవల వాళ్ళలో మీ తాతయ్యకి ఎంత పేరో నీకు తెలీదు. ఈయన చెయ్యి కర్ర మీదుంటే పడవ గోడకి రాసుకోదనేవాళ్ళు. ఆయన గడ దించి, "నాకు కనపడటం లేదు బాబూ. కర్ర దగ్గర మా ఆవిడ ఉంది. ఆవిడే తెస్తుంది లాకులోకి, నువ్వు తలుపులు తియ్యి" అన్నారు.

లస్కరు నన్ను చూశాడు. "అమ్మా, గోడకి కొట్టావంటే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. నాకైతే మొగుడూ పడవా రెండూ పోతాయి, ముందు తియ్యవయ్యా అన్నాను. నవ్వాడు. అప్పుడే చెప్పాడు అసలు సంగతి. చెరువులు తొందరగా నిండిపోయాయి, రేపు పొద్దున్నే పైన నీళ్ళు కట్టేస్తున్నారు, రెండు రోజుల్లో ఇక్కడ అడుగు కనపడుతుంది అని. ఇంక కోటయ్య కోసం ఆగేది లేదు. పోతే ఇప్పుడే, నేనే.

లాకులోకి తెచ్చాను. ఒకవైపు రాసుకుంది, అబద్ధమెందుకు. వెనక తలుపులు మూశాడు, ముందు తూము వదిలాడు. నీళ్ళు దిగుతుంటే పడవ కూడా నెమ్మదిగా, బావిలోకి దిగినట్టు దిగుతుంది. రెండు వైపులా నాచు పట్టిన గోడలు పైకి లేస్తుంటాయి, ఎండ పైనే ఉండిపోతుంది, చల్లగా. ఆ చల్లదనంలో చెప్పారు అంతా. రెండు కళ్ళకీ పొరొచ్చింది, ఆపరేషన్ చెయ్యాలి, చేస్తే నెల్లాళ్ళు కదలకూడదన్నారంట గుడివాడలో డాక్టరు. నెల్లాళ్ళు పడుకుంటే నీళ్ళెక్కడుంటాయి, తులసికిచ్చిన మాట ఎక్కడుంటుంది? అందుకని చప్పుళ్ళు పట్టుకుని, కోటయ్య నోరు పట్టుకుని బయల్దేరారు. నాకెందుకు చెప్పలేదు? అన్నాను. "చెబితే పంపవుగా" అన్నారు. పంపను, నేనే తీసుకొచ్చేదాన్ని అన్నాను. ముందు తలుపులు తెరుచుకున్నాయి.

అప్పట్నుంచి రెండు రోజులూ ఒక పూట. ఆయన ముందు, నేను వెనక. నేను కోటయ్యనైపోయాను. ఏవండీ, ఎడమకి దిబ్బ. ఏవండీ, కుడి వైపు ఎవరో అమ్మాయి ముగ్గు గిన్నె కడుగుతోంది. "ముగ్గు గిన్నె నాకెందుకే" అనేవారు. ఉండనివ్వండి, అది కూడా చూడండి అనేదాన్ని. నేర్పారు పాపం. గట్టు కేసి చూడకు, నీళ్ళ కేసి చూడు. నున్నగా, నల్లగా ఉన్నచోట లోతు. చిన్న చిన్న ముడతలు పడుతుంటే కింద మట్టి మేట. కర్రని గట్టిగా పట్టకు, చంటిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకో అనేవారు. రెండో రోజుకి ఆ కర్ర నా మాట వింది. నేను అనుకోగానే ఆ ముక్కు, నేను ఇన్నేళ్ళు పసుపు రాసిన ముక్కు, మెల్లగా అటు తిరిగేది. అదెట్లా ఉంటుందో నీకు చెప్పలేనే. అన్నం గుర్తు రాలేదు నాకు.

ఆ రెండో రోజు పొద్దున లేచేసరికి గట్టు మీద తడి గీత పైకి పోయింది. అంటే నీళ్ళు దిగుతున్నాయి. బెత్తెడు. మధ్యాహ్నానికి జానెడు. ఈయన గడ అడుగున పెట్టి, తీసి, తడి ఎంతవరకుందో చేత్తో తడిమి చూసుకునేవారు. "చాలులే" అనేవారు ప్రతిసారీ. గొంతుని బట్టి ఎంత చాలో నాకు తెలిసేది. బందరు దగ్గర పడుతుంటే అద్దకం పనివాళ్ళు మిగిలిన ఆ కాస్త పారే నీళ్ళలోనే గుడ్డలు గబగబా జాడిస్తున్నారు. గట్టంతా ఎర్ర పూలు ఆరేసినట్టుంది. అది కూడా చెప్పాను ఆయనకి. ఎంత ఎరుపు? అన్నారు. మన పెళ్ళి నాటి మా మేనత్త చీరంత అన్నాను. "తడిసిందా, తడవకముందా?" అన్నారు. చూడు, అప్పుడు కూడా!

తులసి రేవు కనపడేసరికి పడవ అడుగు బురదకి రాసుకుంటోంది. చివరి ఇరవై బారలూ శ్రీనూ, వాడి మనుషులూ దిగి మోకాలి లోతు నీళ్ళలో నెట్టారు. తులసి గట్టు మీద నిలబడి నోరెళ్ళబెట్టింది. "అయ్యో వదినా, చుక్కాని నువ్వు పట్టావా? మా అమ్మ ఉంటేనా!" అంది. మీ అమ్మ ఉంటే ఈ పడవ అక్కడ షట్టర్ల కింద ఉండేది తులసీ, నువ్వు దానికి కర్పూరం వెలిగించి దణ్ణం పెట్టుకునేదానివి అన్నాను. నవ్విందిలే. మంచిదే తులసి.

పడవ చేతులు మారేప్పుడు ఒక పద్ధతి ఉంది మా వాళ్ళలో. చుక్కాని కర్ర ఊడదీసి, దాని మీద తమలపాకు పెట్టి, ఇచ్చేవాడు తీసుకునేవాడి చేతిలో పెట్టాలి. శ్రీను స్నానం చేసి కొత్త తుండు కప్పుకుని వచ్చి మావయ్య ముందు చేతులు చాపాడు. ఈయన కదల్లేదు. "నా దగ్గర లేదురా అది. మీ అత్తయ్య దగ్గరుంది, ఆవిడ దగ్గర తీసుకో" అన్నారు. అందరి ముందూ.

నేనే ఊడదీశాను. నేనే ఇచ్చాను. ఇస్తుంటే ఎందుకో ఇవ్వబుద్ధి కాలేదే తల్లీ. రెండు రోజులే కదా పట్టుకున్నాను. మూడు తరాలు పట్టుకున్న ఆయన అలా ఇచ్చేశారు, రెండు రోజులు పట్టుకున్న నాకు వేళ్ళు విడలేదు.

తర్వాత బందరులోనే ఆపరేషన్ చేయించాం. ఒక కన్ను బాగా వచ్చింది. రెండోది అంతంత మాత్రం. కట్టు విప్పగానే, పద, పడవ చూపించు అన్నారు. చూసి, ఒక వైపు గీత పడిందేంటే? అన్నారు. లాకు గోడ అన్నాను. చేత్తో తడిమి, "ఉండనివ్వరా, తారు పూయొద్దు దాని మీద" అన్నారు శ్రీనుతో. ఇప్పటికీ ఉంది, వెళ్తే చూడు. రొయ్యల మేత మోస్తూనే ఉంది.

అందరూ ఈ కథ విని ఏమంటారో తెలుసా? భలే పట్టుకున్నావు నాంచారమ్మా, కష్టకాలంలో మొగుణ్ణి ఆదుకున్నావు అంటారు. నేను తలూపుతాను. కానీ నీకు చెప్తున్నాను. మీరు కూడా వినండి అక్కడ, దుప్పటి ముసుగేసుకోకండి. ఆ కర్ర నా చేతికి రావడానికి ఈయన రెండు కళ్ళూ పోవాల్సొచ్చింది. మా అత్తగారు పోవాల్సొచ్చింది. మిల్లుకి కరెంటు పోవాల్సొచ్చింది. ఇన్ని పోతేగాని రాలేదు. వచ్చాక తెలిసింది నాకు, అది నాకు చాతనయ్యే పనేనని. అప్పటికి నీళ్ళు అయిపోయాయి.

ఇట్లా రా, తల వంచు. రేపు నీ కాలేజీ అయ్యాక, చుట్టూ అందరికీ కళ్ళు బ్రహ్మాండంగా కనపడుతుండగా, ఎవరికీ ఏమీ పోకుండా, కాలవ నిండా నీళ్ళుండగా, నీ చేతికి రావాలి తల్లీ చుక్కాని. వచ్చినప్పుడు గట్టిగా పట్టుకోకు... ఆయన చెప్పారుగా, చంటిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు...

ఏంటండీ? ఏదో అంటున్నారు, వినపడలేదు. వెళ్ళి అడుగు. కాఫీ కాబోలు.